మెటల్ ఆల్బమ్‌లు ముప్పయ్యేళ్లుగా వింటున్నాం సరే, వాటి వెనకున్న పుస్తకాలు ఎప్పుడు చదువుదాం?

పాతక్యాసెట్ (విజయవాడ) | శనివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మొన్న మా అమ్మాయి డిగ్రీ ఇంగ్లిష్ పుస్తకం తిరగేస్తుంటే కోల్‌రిడ్జ్ రాసిన ముసలి నావికుడి పద్యం కనిపించింది. "ఓ, ఇదా! ఒకడు బాణంతో పక్షిని కొడతాడు, గాలి ఆగిపోతుంది, ఓడలో వాళ్లంతా దాహంతో పోతారు, వాడొక్కడే మిగులుతాడు" అని గడగడా చెప్పేశాను. అది నోరు తెరిచింది. "నాన్నా, నీకెలా తెలుసు?"

ఐరన్ మెయిడెన్ వాళ్లు 1984లో 'పవర్‌స్లేవ్' ఆల్బమ్ చివర దీన్నే పదమూడున్నర నిమిషాలకు పైగా పాడారమ్మా అంటే నమ్మలేదు. వినిపించాను. మధ్యలో గిటార్లన్నీ తగ్గిపోయి, ఓడ చెక్కలు కిర్రుమంటుంటే, ఒక గొంతు పద్యంలోని పంక్తులనే చదువుతుంది కదా, పుస్తకంలో వేలు పెట్టి చూసుకుని అప్పుడు నమ్మింది. నా ఆనందం ఎక్కువసేపు నిలవలేదు. "మరి పద్యం చదివావా?" అంది.

లేదు. 47 ఏళ్లొచ్చాయి, లేదు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేసుకున్నాను. మెటాలికా 'రైడ్ ద లైట్నింగ్' నాకు ప్రాణం. అందులో 'ఫర్ హూమ్ ద బెల్ టోల్స్' హెమింగ్వే 1940లో రాసిన నవల పేరు. లెనిన్ సెంటర్లో సగం ధరకి కొన్నాను, 31వ పేజీలో పెట్టిన బస్ టికెట్ ఇంకా అక్కడే ఉంది, అక్షరాలు మాత్రం చెరిగిపోయాయి. ఇలా కొని పెట్టుకుని చదవనివి బీరువాలో నలభైకి పైనే.

అందుకని ఈ టాపిక్. మీకు బాగా ఇష్టమైన మెటల్ ఆల్బమ్ చెప్పండి. దాని వెనక పుస్తకమేదైనా ఉంటే చదివారో లేదో నిజం చెప్పండి. చదవకపోతే మొదలుపెట్టి, మళ్లీ వచ్చి ఇక్కడ రాయండి. నేను హెమింగ్వేతో మొదలుపెడుతున్నా, 1వ పేజీ నుంచి.

డబుల్‌బాస్_కర్నూలు | శనివారం, రాత్రి 10:58

స్లేయర్, 'రైన్ ఇన్ బ్లడ్', 1986. పది పాటలు, మొత్తం 29 నిమిషాలు. వెనక పుస్తకం లేదు, ముందు లేదు. టాపిక్ క్లోజ్ చేయండి మాస్టారూ.

అబిడ్స్_ఆదివారం | శనివారం, రాత్రి 11:20

కర్నూలు తమ్ముడూ, మియాపూర్‌లో మెట్రో ఎక్కి అది పెట్టుకుంటే అమీర్‌పేట దాటిన కాసేపటికే అయిపోతుంది. ఆ తర్వాత ఎల్బీ నగర్ దాకా ఏం చేస్తావు? నేను ఆ మిగిలిన టైమ్‌లోనే పుస్తకం పడతాను.

నాది మాస్టొడాన్ వాళ్ల 'లెవయథాన్' (2004). అట్లాంటా బ్యాండు. ఆల్బమ్ దాదాపు అంతా మెల్విల్ రాసిన తిమింగలం వేట నవల 'మోబీ డిక్' మీదే. మొదటి పాట మొదలైన నాలుగో సెకనుకే తిమింగలం మీద పడతారు. డ్రమ్మర్ బ్రాన్ డైలర్ వాయింపు చూడండి, తాళం వేస్తున్నాడా, పడవ అటూ ఇటూ ఊగకుండా పట్టుకుంటున్నాడా అర్థం కాదు.

నవల అబిడ్స్ ఫుట్‌పాత్ మీద డెబ్బై రూపాయలకి దొరికింది. పాట ఊపులో ఉన్నానేమో, ఈటెలు, రక్తం అనుకుంటూ మొదలుపెట్టాను. ఓడ కదిలేసరికే 22వ అధ్యాయం. కెప్టెన్ అహాబ్ మనకి మొహం చూపించేది 28లో. 32లో కథ ఆపేసి తిమింగలాల్లో ఎన్ని రకాలో పాఠం మొదలుపెడతాడు, అదీ పుస్తకాల సైజుల్లో భాగాలు చేసి. మూడుసార్లు ఆ 32 దగ్గరే మునిగాను. మొత్తం 135 అధ్యాయాలు, నాలుగోసారి దిగుతున్నా.

తెలుగు_మాస్టారు | ఆదివారం, ఉదయం 6:15

పొద్దున్నే లేచి చదివాను. ఒక సందేహం. ఈ పాటల్లో సగం మాటలు నాకు వినపడవు. మా అబ్బాయి గదిలోంచి వస్తుంటే ఎవరో వాంతి చేసుకుంటున్నారనుకుని పరిగెత్తాను ఒకసారి. మాటే తెలియనప్పుడు దాని వెనక సాహిత్యం ఉంటే ఎంత, లేకుంటే ఎంత?

వెటకారం కాదండీ, నిజంగానే అడుగుతున్నాను.

బర్మింగ్‌హామ్_బాబాయ్ | ఆదివారం, మధ్యాహ్నం 2:05

మాస్టారూ, మీరడిగిన దానికి సూటిగా జవాబు లేదు గానీ, ఈ గోల ఎక్కడ పుట్టిందో చెబుతా. నేను ఉండే ఊళ్లోనే.

బ్లాక్ సాబత్ బ్యాండు గిటారిస్టు టోనీ అయోమీకి అప్పుడు 17. రేకుల ఫ్యాక్టరీలో పని, అదే ఆఖరి రోజు. మిషన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ల చివర్లు పోయాయి. ఎడమచేతి వాటం మనిషి, అంటే తీగలు నొక్కాల్సిన చెయ్యే అది. ఇక గిటార్ లేదనుకుని ఇంట్లో కూర్చుంటే ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక రికార్డు తెచ్చి వినమన్నాడు. జాంగో రైన్‌హార్ట్ అనే జాజ్ గిటారిస్టు. అయోమీ నచ్చలేదన్నట్టు ఉంటే అప్పుడు చెప్పాడు, ఆయన బండికి నిప్పంటుకుని చెయ్యి కాలాక రెండు వేళ్లతోనే వాయిస్తాడని. దాంతో ఈయన ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు, సన్న తీగలు వేసుకున్నాడు. తర్వాత 1971లో 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' నాటికి తీగలు బాగా వదులు చేసి శ్రుతి కిందికి దించాడు. ఆ బరువైన శబ్దానికి ఇదొక పెద్ద కారణం.

1970 ఫిబ్రవరి 13న వచ్చిన మొదటి బ్లాక్ సాబత్ ఆల్బమే నాది. వాన, దూరంగా గంట, తర్వాత మూడు స్వరాలు. పాటలన్నీ ఒక్క రోజులో రికార్డు చేసేశారు. మాటలు తెలియకపోయినా భయం తెలుస్తుంది కదా మాస్టారూ, నా లెక్క ప్రకారం అది సరిపోతుంది. అయినా అక్కడా పుస్తకం ఉంది లెండి, ఒక పాట పేరు, భయం కథలు రాసే లవ్‌క్రాఫ్ట్ కథ పేరుకి కొద్దిగా మార్పు.

2025 జులై 5న ఇక్కడి విల్లా పార్క్‌లో సాబత్ గాయకుడు ఓజీ సింహాసనంలాంటి కుర్చీలో కూర్చునే పాడాడు. సరిగ్గా 17 రోజులకి పోయాడు. బ్రాడ్ స్ట్రీట్‌లో వంతెన దగ్గర పూలు చూడటానికి మా ఆవిడ కూడా వచ్చింది. ఆవిడకి త్యాగరాజ కృతులు తప్ప ఏమీ పట్టవు. "పాపం, ఊరి పిల్లాడు కదా" అంది.

ఎడారి_పురుగు | ఆదివారం, సాయంత్రం 5:31

'పీస్ ఆఫ్ మైండ్' (1983), ఐరన్ మెయిడెన్. నికో మెక్‌బ్రెయిన్ డ్రమ్స్ మీదికి వచ్చిన మొదటి ఆల్బమ్. చివరి పాట 'డ్యూన్' నవల గురించే. నవల పేరే పాటకి పెట్టుకుంటామని ఫ్రాంక్ హెర్బర్ట్‌ని అడిగితే ఆయనకి రాక్ బ్యాండ్లంటే ఇష్టం లేదని, అందులోనూ ఇలాంటి వాళ్లంటే అసలు ఇష్టం లేదని ఏజెంటు ద్వారా కబురొచ్చింది. అందుకే 'టు టేమ్ ఎ ల్యాండ్' అని పేరు మార్చారు.

పుస్తకం రెండుసార్లు చదివాను. ఆయన వద్దన్నందుకు కోపమొచ్చి రెండోసారి.

కాచిగూడ_ప్యాసింజర్ | ఆదివారం, సాయంత్రం 6:02

మెయిడెన్ పేరెత్తారు కాబట్టి నేనాగలేను. 2007 మార్చి 17, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్. నేనున్నాను! హాస్టల్లో పెళ్లికని చెప్పి కాచిగూడలో రైలెక్కాం నలుగురం. ముందు పరిక్రమ వాళ్లు వాయించారు, మెయిడెన్ బాసిస్టు స్టీవ్ హారిస్ కూతురు లారెన్ పాడింది. తర్వాత లైట్లు ఆరిపోయాయి. ఇక ఏం చెప్పను, వారం రోజులు గొంతు రాలేదు. వార్డెన్ "పెళ్లిలో పాటలు పాడావా" అని అడిగాడు. అవునన్నాను, అబద్ధం కాదుగా.

ఆ రోజు కొన్న ఎడ్డీ (మెయిడెన్ వాళ్ల దెయ్యం గుర్తు) టీషర్ట్‌తో మా అమ్మ పదేళ్లు గచ్చు తుడిచింది. "ఆ దెయ్యం బొమ్మ ఎంత ఉతికినా పోదేంట్రా" అనేది.

పుస్తకాలా? పరీక్షలయ్యాక ఏదీ చదవలేదు. నిజం చెప్పమన్నారు కదా.

అడ్మిన్ | ఆదివారం, రాత్రి 9:00

రష్ బ్యాండు ఆల్బమ్ '2112' మెటలా కాదా అని ఇద్దరు సభ్యులు 14 పోస్టులు వేసుకున్నారు. వాటిని వేరే చోటికి మార్చాను. ఇక్కడ మాత్రం టాపిక్ మీదే ఉండండి.

నైట్‌డ్యూటీ | సోమవారం, ఉదయం 9:47

ఇప్పుడే డ్యూటీ దిగి ఇంటికొచ్చాను. నిద్ర పట్టట్లేదు, అందుకే రాస్తున్నా. నేను ఐసీయూ నర్సుని, పదకొండేళ్లుగా. నా ఆల్బమ్ మెటాలికా '... అండ్ జస్టిస్ ఫర్ ఆల్' (1988). బాస్ గిటార్ వినపడదు, డ్రమ్స్ డబ్బా కొట్టినట్టుంటాయి అని అందరూ తిట్టే ఆల్బమ్. తెలుసు. అయినా నాకదే. ఆ పొడి శబ్దం మా వార్డు శబ్దంలా ఉంటుంది.

అందులో 'వన్' పాట డాల్టన్ ట్రంబో 1939లో రాసిన 'జానీ గాట్ హిజ్ గన్' మీద. పాట మాత్రం కొన్ని వందలసార్లు విన్నాను. నవల పోయిన నెల నైట్ డ్యూటీలకి వెళ్లొచ్చే బస్సులో చదివాను, పన్నెండు రోజులు పట్టింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో జో అనే కుర్రాడు. కాళ్లు లేవు, చేతులు లేవు, ముఖం లేదు. చూపు, వినికిడి, మాట ఏవీ లేవు. బుర్ర మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది. తలని దిండుకేసి కొడుతూ మోర్స్ కోడ్‌లో మాట్లాడదామని చూస్తాడు. అది ఫిట్స్ అనుకుని మత్తిస్తారు. పాటలో ఇదంతా అతని వైపు నుంచి ఉంటుంది. నేను మాత్రం మంచం ఇవతలి వైపు మనిషిని. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ నర్సు సంగతి ఆలోచించలేదు.

నవలలో ఒక కొత్త నర్సు వస్తుంది. అతని ఛాతీ మీద వేలితో ఒక్కో అక్షరం నిదానంగా రాస్తుంది. మొదట 'ఎం'. అతనికి అర్థమయ్యేదాకా మళ్లీ మళ్లీ రాస్తుంది. మెర్రీ క్రిస్మస్. అన్నేళ్లకి అతనికి బయటి నుంచి అందిన మొదటి మాట అది. అతను తల కొడుతున్నది మాట్లాడటానికేనని కనిపెట్టేదీ ఆవిడే.

బస్సు మా స్టాపు దాటి రెండు స్టాపులు పోయింది. దిగి వెనక్కి నడిచాను.

మా దగ్గర గొంతులో గొట్టం ఉన్నవాళ్లు మంచం రెయిలింగ్ మీద వేళ్లతో కొడుతుంటారు. బీపీ చూస్తాం, సెడేషన్ చూస్తాం. ఒక్కోసారి దాహం అయ్యుంటుంది, ఒక్కోసారి భయం, ఒక్కోసారి ఏసీ తగ్గించమని. ఇప్పుడు పలక, చాక్‌పీసు కొని పెట్టుకున్నాను, మా కొలీగ్స్ అంగన్‌వాడీ టీచర్ అంటున్నారు. నిన్న రాత్రి ఒక పెద్దాయన దాని మీద చాలాసేపు కష్టపడి 'చెప్పులు' అని రాశాడు. ఆయన చెప్పులు ఎక్కడున్నాయో తెలియక మూడు రోజుల నుంచి బెంగట. మంచం కిందే ఉన్నాయి. తీసి చూపించాను.

పాతక్యాసెట్ | సోమవారం, ఉదయం 10:20

అమ్మా, ఇది చదివి ఆఫీసులో లేచి బయటికి వెళ్లొచ్చాను. నిద్రపో తల్లీ.

తెలుగు_మాస్టారు | సోమవారం, సాయంత్రం 7:40

నైట్‌డ్యూటీ గారూ, నా ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను. మా వాడి చేత 'వన్' పెట్టించుకుని విన్నాను. ఇందులో మాటలు వినపడుతున్నాయి. చివర్లో ఆ డ్రమ్స్ తుపాకీలా మొదలయ్యాక మాత్రం కొంచెం తగ్గించమన్నాను.

నా వైపు నుంచి ఒక మాట. పూర్తిగా ఒక మనిషి బుర్రలోనే నడిచే నవల మనకీ ఉంది, 1969లో వచ్చిన 'అంపశయ్య'. ఉస్మానియా హాస్టల్లో రవి అనే విద్యార్థి ఒక్క రోజు, పొద్దున నిద్ర లేచింది మొదలు అర్ధరాత్రి దాకా. ఆ పుస్తకం పేరే రచయిత నవీన్ గారికి ఇంటిపేరైపోయింది. రవికి కాళ్లూ చేతులూ అన్నీ ఉన్నాయి, జేబులో డబ్బు మాత్రం లేదు. తల బద్దలవుతున్నట్టు ఆలోచిస్తూనే ఉంటాడు. దానికి మీరు ఏ సంగీతం పెడతారో చూడాలనుంది.

కాచిగూడ_ప్యాసింజర్ | సోమవారం, రాత్రి 8:15

అది నా హాస్టలే కదా సార్! అయితే చదవాల్సిందే. ఓపెత్ 'బ్లాక్‌వాటర్ పార్క్' (2001) సరిపోతుందేమో. కాసేపు అరుపు, కాసేపు తియ్యగా పాట, మళ్లీ అరుపు. పరీక్ష ఫీజు కట్టాల్సిన రోజు నా బుర్ర కూడా అలాగే ఉండేది.

అబిడ్స్_ఆదివారం | సోమవారం, రాత్రి 9:33

ఈ ఆట బాగుంది. కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' ఎవరైనా మెటల్ ఆల్బమ్ చేస్తే అప్పు చేసైనా కొంటాను. ఒక ముసలాయన, తప్పిపోయిన సుక్కపంది, ఒక రాత్రి అడవి. అది ఈని ఉంటుంది. పిల్లల్ని కాపాడదామని ఈయన వెళ్తే, అవి తన పిల్లలని అది ఈయన మీదికే వస్తుంది. మధ్యలో నక్కలు. చాలామంది దీన్ని హెమింగ్వే 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ'లోని ముసలాయనతో, చేపతో పోలుస్తారు. పోలిక సరే గానీ, చేప ఆయన్ని శత్రువు అనుకోవడంలో తప్పు లేదు. ఇక్కడ పంది పొరబడింది. ఆ పొరపాటు దగ్గరే నాకు గుండె పట్టేస్తుంది.

మన హైదరాబాద్ డెత్ మెటల్ బ్యాండు గాడ్‌లెస్ వాళ్లు ఇలాంటిది చేస్తే ఎలా ఉంటుందో. 2021లో వాళ్ల 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' వినని వాళ్లుంటే వినండి, పక్కింటివాళ్లు ఊళ్లో లేనప్పుడు.

ఎడారి_పురుగు | మంగళవారం, మధ్యాహ్నం 1:12

చిన్న డౌట్. పాటలు పెట్టుకుని చదవగలరా మీరంతా? నాకు మాటలు వినపడితే పేజీ కదలదు.

బర్మింగ్‌హామ్_బాబాయ్ | మంగళవారం, సాయంత్రం 4:44

మాటల్లేనివి పెట్టుకో నాయనా. మెటాలికా 'ఓరియన్' ఎనిమిదిన్నర నిమిషాలు. లేదంటే స్లీప్ అనే బ్యాండు 'డోప్‌స్మోకర్', ఒక్కటే పాట, 63 నిమిషాలు. మాటలున్నాయి గానీ మనిషి ఎప్పుడో గానీ నోరు తెరవడు. నేను దాన్నే గడియారంలా వాడతాను. పాట అయ్యేలోపు నలభై పేజీలు. మధ్యలో ఫోన్ ముట్టుకుంటే పాట మళ్లీ మొదటి నుంచి.

ఎడారి_పురుగు | మంగళవారం, సాయంత్రం 5:03

నేను జర్మన్ బ్యాండ్లు పెట్టుకుంటా, రామ్‌స్టైన్. భాష రాదు కాబట్టి గొడవ లేదు.

తెలుగు_మాస్టారు | మంగళవారం, సాయంత్రం 5:50

మా అబ్బాయి నవ్వుతున్నాడు. రామ్‌స్టైన్ 2004లో చేసిన 'దలైలామా' అనే పాట జర్మన్ కవి గోథే పద్యానికి కొత్త రూపమట, తండ్రి చేతుల్లో పిల్లవాడు చనిపోయే 'ఎర్ల్‌కోనిగ్'. గుర్రం బదులు విమానం పెట్టారట. సాహిత్యాన్ని తప్పించుకోలేరు బాబూ.

అన్నట్టు కర్నూలు బాబుకి ఒక సంగతి. వెనక పుస్తకం లేదన్నారు. మీ ఆల్బమ్ మొదటి పాట ఆష్‌విట్జ్ అనే నాజీ క్యాంపులో మనుషుల మీద ప్రయోగాలు చేసిన డాక్టరు మెంగలే గురించి. ఆ పాట రాసిన జెఫ్ హానెమన్ అతని మీద పుస్తకాలు చదివాకే రాశాడని మావాడు చూపించాడు. పొగడ్తా, చిత్రణా అని అప్పట్లో పెద్ద గొడవే అయింది. మీకు అభ్యంతరం లేకపోతే ప్రీమో లేవీ 'ఇఫ్ దిస్ ఈజ్ ఎ మ్యాన్' చదవండి, 1947లో వచ్చింది, ఆ క్యాంపులో బతికి బయటపడ్డ మనిషి రాసింది. పెద్ద పుస్తకం కాదు.

డబుల్‌బాస్_కర్నూలు | మంగళవారం, రాత్రి 11:30

దొరికిపోయాను మాస్టారూ. ఆర్డర్ పెట్టాను.

పాతక్యాసెట్ | మూడు వారాల తర్వాత, ఆదివారం

హెమింగ్వే పూర్తి! మొత్తం పుస్తకం దాదాపు మూడు రోజుల కథ. స్పెయిన్ అంతర్యుద్ధం, ఒక వంతెన పేల్చాలి, అంతే. మెటాలికా పాట మాత్రం వంతెన జోలికే పోలేదు. 27వ అధ్యాయంలో కొండ మీద చిక్కుకుపోయిన ఎల్ సోర్దో, అతని మనుషులు, ఆ ఒక్క ముక్క పట్టుకున్నారు. వాళ్లు ఆకాశంలోకి చూసేసరికి విమానాలు వస్తాయి. అది చదివి పాట పెడితే, మొదట్లో బాసిస్టు క్లిఫ్ బర్టన్ వాయించేది విమానాల రొదలా వినిపించింది. చాలామంది గిటార్ అనుకుంటారు, అది డిస్టార్షన్ పెట్టిన బాస్. 1986 సెప్టెంబరులో స్వీడన్‌లో బస్సు బోల్తాపడి పోయాడు, 24 ఏళ్లు. లవ్‌క్రాఫ్ట్ కథలు తెచ్చి బ్యాండులో అందరికీ అంటించింది ఈయనే.

గంట గురించి: పేరులోని గంట జాన్ డన్ అనే పాత కవిది, నవల మొదట్లో ఆ ముక్క వేశారు. నేను చివరి పేజీ దాకా ఎప్పుడు మోగుతుందా అని చూస్తూ కూర్చున్నాను.

కోల్‌రిడ్జ్ పద్యం మా అమ్మాయే చదివి వినిపించింది. పెళ్లికెళ్లే అతిథిని దారిలో ఆపి ముసలాయన కథ చెబుతాడు కదా, "అచ్చం నువ్వే నాన్నా" అంది.

అబిడ్స్_ఆదివారం | అదే రోజు

నేను 32 దాటాను. ప్రస్తుతం 54. ఎవరూ తిమింగలాల గురించి ఏమీ అడగొద్దు, చెప్పడం మొదలుపెడితే ఆపలేను.

నైట్‌డ్యూటీ | అదే రోజు

'అంపశయ్య' సగంలో ఉన్నాను. చెప్పుల పెద్దాయన మొన్న వార్డుకి మారారు. పలక ఆయనే తీసుకెళ్లిపోయారు, ఇంకోటి కొన్నా.

డబుల్‌బాస్_కర్నూలు | అదే రోజు, రాత్రి

మాస్టారూ, కెమిస్ట్రీ పరీక్ష ఉన్న అధ్యాయం దగ్గర ఆగాను. ప్రీమో లేవీ కెమిస్టు. ల్యాబ్‌లో పనికి పెట్టుకోవాలా వద్దా అని క్యాంపులో ఒక జర్మన్ కెమిస్టు ఆయన్ని పరీక్ష చేస్తాడు. తిండి లేని మనిషి, ఒంటి మీద చారల బట్టలు, అయినా చదువుకున్నది గుర్తొస్తుంటే ఆయనలో ఏదో ఉత్సాహం. నాదీ బీఎస్సీ కెమిస్ట్రీనే. వైవాలో చేతులు వణికేవి నాకు, అదీ బయట క్యాంటీన్ ఉన్న కాలేజీలో.

పరీక్ష అయ్యాక వెనక్కి తీసుకెళ్లేవాడు దారిలో ఏదో పట్టుకుంటే చేతికి గ్రీజు అంటుకుంటుంది. ఆ చెయ్యి ఈయన భుజానికి తుడిచేసుకుంటాడు. కోపంతో కూడా కాదు, గుడ్డకి తుడుచుకున్నట్టు.

అక్కడ పుస్తకం మూశాను. స్లేయర్ పెడదామని ఫోన్ తీసి, మళ్లీ పక్కన పెట్టేశాను.

తెలుగు_మాస్టారు | అదే రోజు, రాత్రి

తర్వాతి అధ్యాయంలో సూపు తేవడానికి నడుస్తూ ఒక కుర్రాడికి పాత ఇటాలియన్ కవి డాంటే పద్యం గుర్తుచేసుకుని చెబుతాడు. సగం మర్చిపోయి ఉంటాడు. అది ఈ రాత్రికే చదవండి, చిన్నదే.

డబుల్‌బాస్_కర్నూలు | అదే రోజు, రాత్రి 12:10

సరే సార్. లైటు వేశాను.